లాక్‌డౌన్‌లో తగ్గిన నెలలు నిండని కాన్పులు: ఆ బిడ్డలు ఏమయ్యారు?

2020లో ఐర్లాండ్ లాక్‌డౌన్‌లోకి వెళ్లిన తొలి వారాల సంగతి. లిమరిక్ నగరంలోని ప్రసూతి ఆసుపత్రికి సెలవు ముగించుకుని వచ్చిన పసిపిల్లల వైద్యుడు రాయ్ ఫిలిప్‌కు ఒక విషయం వింతగా తోచింది. బాగా తక్కువ బరువుతో పుట్టిన పసికందుల కోసం తల్లిపాలలో కలిపే పోషక మిశ్రమాన్ని ఆయన లేనప్పుడు ఎవరూ తెప్పించలేదు. మరిచిపోయారేమోనని అడిగితే, దాని అవసరమే పడలేదన్నారు సిబ్బంది. అంత చిన్న బిడ్డలు ఆ మధ్య పుట్టనే లేదు.

ఆయనా సహచరులూ కలిసి ఇరవై ఏళ్ల రికార్డులు తిరగేశారు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ ఆసుపత్రిలో పుట్టే ప్రతి వెయ్యి మందిలో కిలోన్నర కంటే తక్కువ బరువున్నవాళ్లు సగటున 8 మంది ఉండేవారు. 2020లో అవే నాలుగు నెలల్లో 1381 మంది పుడితే అలాంటివాళ్లు ముగ్గురే. కిలో లోపు బరువున్నవాళ్లు ఒక్కరూ లేరు. దాదాపు అదే సమయంలో డెన్మార్క్ పరిశోధకులు కూడా లెక్కలు తీశారు. అక్కడ పుట్టిన ప్రతి బిడ్డ మడమ నుంచి పరీక్ష కోసం రక్తపు చుక్కలు తీస్తారు, ఆ రికార్డులే వీళ్లకు ఆధారం. మార్చి 12 నుంచి ఏప్రిల్ 14 మధ్య, 28 వారాలు నిండకుండా పుట్టినవాళ్లు అంతకుముందు ఐదేళ్లలో వెయ్యికి 2.19 చొప్పున ఉంటే, 2020లో 0.19కి పడిపోయారు. పదకొండు మంది పుడతారనుకున్న చోట ఒక్కరే పుట్టారన్నమాట.

ఈ వార్త పసిపిల్లల వైద్యుల్లో ఎందుకంత ఆశ రేపిందో అర్థం కావాలంటే, ఈ సమస్య ఎంత మొండిదో తెలియాలి. 37 వారాలు నిండకముందే కాన్పు అయితే దాన్ని నెలలు నిండని కాన్పు అంటారు. 2020లో ప్రపంచవ్యాప్తంగా అలా పుట్టినవాళ్లు సుమారు 1.34 కోట్ల మంది. పుట్టే ప్రతి పది మందిలో ఒకరు. అందులో 30 లక్షల మంది మన దేశంలోనే పుట్టారు, ఇంతమంది ఇంకే దేశంలోనూ లేరు. ఐదేళ్లలోపు పిల్లల మరణాలకు మొట్టమొదటి కారణం ఇదే. పుట్టిన బిడ్డను బతికించుకోవడంలో వైద్యం చాలా దూరం వచ్చింది. ముందుగా పుట్టకుండా ఆపడంలో మాత్రం చేతిలో ఉన్నది తక్కువ. కొందరికి ప్రొజెస్టరాన్ అనే హార్మోన్, గర్భసంచి ముఖద్వారం బలహీనంగా ఉన్నవాళ్లకు కుట్టు, పొగ మానమనే సలహా, బీపీ, షుగరు అదుపులో ఉంచడం. చాలా కాన్పులకు కారణమేమిటో చివరిదాకా తెలియనే తెలియదు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అని మన ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ అంటుంటారు. ఇది పూర్తిగా తప్పు. కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు బలమే. ఊపిరితిత్తుల్లోని గాలి తిత్తులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అనే పదార్థం గర్భం చివరి వారాల్లోనే సరిపడా తయారవుతుంది. ఎనిమిదో నెల బిడ్డకు ఏడో నెల బిడ్డకంటే బతికే అవకాశం ఎక్కువ. ఈ నమ్మకంతో ఏ కుటుంబమూ బిడ్డ మీద ఆశ వదులుకోకూడదు.

మళ్లీ లిమరిక్ లెక్కకు వద్దాం. పదకొండు మంది పుట్టాల్సింది ముగ్గురే పుట్టారంటే శాతాల్లో పెద్ద తగ్గుదలే. అయితే అంకెలు ఇంత చిన్నవైనప్పుడు ఏ లాక్‌డౌనూ లేని ఏడాదిలో కూడా అవి బాగా పైకీ కిందికీ ఊగుతాయి. పైగా వార్డు ఖాళీగా కనిపించిన వైద్యుడు రికార్డులు తీస్తాడు, ఎప్పటిలాగే నిండుగా ఉన్నచోట ఎవరికీ ఆ ఆలోచన రాదు. అందుకే మొదట బయటికొచ్చే లెక్కలు దాదాపు ఎప్పుడూ అసలు కంటే పెద్దవిగా ఉంటాయి. నెదర్లాండ్స్‌లో పదేళ్ల కాలంలో పుట్టిన దాదాపు 16 లక్షల మంది పిల్లల సమాచారంతో యాస్పర్ బేన్ బృందం చూసినప్పుడు తగ్గుదల 15 నుంచి 23 శాతం మధ్య కనిపించింది. లాక్‌డౌనే పెట్టని స్వీడన్‌లో మార్పేమీ కనిపించలేదు.

ఈ గందరగోళాన్ని తేల్చడానికి ఎన్నో దేశాల పరిశోధకులు చేతులు కలిపి 26 దేశాల నుంచి 5.2 కోట్ల కాన్పుల సమాచారం సేకరించారు. ఫలితాలు 2023లో వచ్చాయి. లాక్‌డౌన్ మొదటి మూడు నెలల్లో నెలలు నిండని కాన్పులు నిజంగానే తగ్గాయి, అయితే మూడు నాలుగు శాతమే. నాలుగో నెలకు ఆ తేడా కూడా మాయమైంది. వెయ్యి కాన్పుల్లో వంద మంది ముందుగా పుట్టే చోట, సుమారు తొంభై ఆరు మంది పుట్టారని అర్థం. లిమరిక్‌లో తోచిన అద్భుతం ఇంతకు కుదించుకుపోయింది. అయినా ఇది చిన్న విషయమని నేను అనుకోను. ప్రపంచమంతటికీ వర్తింపజేస్తే మొదటి నెలలోనే దాదాపు 50 వేల కాన్పులు ఆగి ఉంటాయని ఆ పరిశోధకులు అంచనా వేశారు.

ఎందుకు తగ్గి ఉంటాయి? అన్నిటికంటే ఆసక్తి కలిగించేది తగ్గుదల వేగం. మొదటి నెలలోనే తేడా కనిపించిందంటే, దానికి కారణం గర్భం మొదట్లోనో, మాయ (ప్లాసెంటా) ఏర్పడేటప్పుడో పడిన బీజం కాలేదు. చివరి వారాల్లో నొప్పుల్ని ముందుగానే తెచ్చే ఏదో ఒకటి తొలగి ఉండాలి. అందరూ మొదట అనుమానించేది ఇన్ఫెక్షన్లను. ఒంట్లో ఎక్కడ ఇన్ఫెక్షన్ వచ్చినా పుట్టే వాపు రసాయనాలు ప్రోస్టాగ్లాండిన్లను పెంచుతాయి, అవి గర్భసంచిని ముడుచుకునేలా చేస్తాయి. 2020లో మాస్కులు, దూరం, చేతుల శుభ్రత వల్ల ఫ్లూ లాంటి మామూలు శ్వాసకోశ జబ్బులు ఎన్నో దేశాల్లో అనూహ్యంగా తగ్గిపోయాయి. వాహనాలు ఆగి నగరాల గాలి తేటపడింది. గంటలకొద్దీ నిలబడే పనులు, రాత్రి షిఫ్టులు, బస్సుల్లో తోపులాటలు కొందరికి తప్పాయి.

కొందరికి మాత్రమే. నెదర్లాండ్స్‌లో తగ్గుదల స్పష్టంగా కనిపించింది కలిగినవాళ్లు ఉండే పేటల్లోనే. ఇంట్లో కూర్చుని పని చేసుకోగలిగిన గర్భిణికి లాక్‌డౌన్ విశ్రాంతి ఇచ్చింది. ఆసుపత్రి వార్డు ఊడ్చే ఆమెకూ, దుకాణంలో నిలబడే ఆమెకూ ఇవ్వలేదు.

ఇంతవరకూ శుభవార్తే. దీని వెనుక మరో లెక్క ఉంది, దాన్ని చూడకుండా సంతోషించడం తప్పని నా నమ్మకం.

నెలలు నిండని కాన్పులన్నీ వాటంతటవే జరగవు. తల్లికి బీపీ ప్రమాదకరంగా పెరిగి గుర్రపువాతం వచ్చే సూచనలు కనిపిస్తే, లేదా స్కానింగ్‌లో బిడ్డ ఎదుగుదల ఆగినట్టు తెలిస్తే, వైద్యులే ముందుగా కాన్పు చేసేస్తారు. బిడ్డ ప్రాణం దక్కాలంటే కడుపులోంచి బయటికి రావడమే మార్గమైన సందర్భాలవి. అలాంటి కాన్పు ఒకటి తగ్గిందంటే రెండు అర్థాలున్నాయి. ఆ తల్లికి ప్రమాదమే రాకపోయి ఉండవచ్చు. వచ్చిన ప్రమాదాన్ని ఎవరూ చూడకపోయి ఉండవచ్చు. రెండో సందర్భంలో ఆ బిడ్డ నెలలు నిండని పిల్లల పట్టికలో ఉండదు, కడుపులోనే చనిపోయిన పిల్లల పట్టికలో చేరవచ్చు. మొదటి పట్టిక మాత్రమే చూసేవాళ్లకు అది పురోగతిలా కనబడుతుంది.

ఇది ఊహ కాదు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 2020లో మూడు నెలలకు పైగా కఠిన లాక్‌డౌన్ సాగింది. అక్కడి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల సమాచారం చూసిన లీసా హుయ్ బృందానికి రెండు మార్పులు పక్కపక్కనే కనిపించాయి. బిడ్డ ఇబ్బందిలో ఉందన్న అనుమానంతో వైద్యులు ముందుగా చేసే కాన్పులు తగ్గాయి. నెలలు నిండకముందే కడుపులో చనిపోయిన పిల్లల సంఖ్య పెరిగింది. లండన్‌లోని సెయింట్ జార్జ్ ఆసుపత్రిలో నెలలు నిండని కాన్పుల్లో మార్పు లేదు గానీ, మృత శిశు జననాలు వెయ్యికి 2.38 నుంచి 9.31కి పెరిగాయి. ఒకే ఆసుపత్రి లెక్క కాబట్టి లిమరిక్ అంకెల విషయంలో చెప్పిన జాగ్రత్త దీనికీ వర్తిస్తుంది.

మన పొరుగున నేపాల్‌లో జరిగింది మరీ బాధాకరం. ఆశీష్ కేసీ బృందం తొమ్మిది ఆసుపత్రుల్లో లాక్‌డౌన్‌కు ముందూ తర్వాతా కాన్పుల్ని నమోదు చేసింది. వారానికి సగటున 1261 మంది పుట్టేచోట 651 మంది పుట్టారు. మిగతా తల్లులు దారి లేకో, భయపడో రాలేదు. వచ్చినవాళ్లలో నెలలు నిండని కాన్పులు 16.7 శాతం నుంచి 20 శాతానికి పెరిగాయి. మృత శిశు జననాలు వెయ్యికి 14 నుంచి 21కి, పుట్టాక కొద్ది రోజుల్లోపు మరణాలు 13 నుంచి 40కి చేరాయి. తేలికగా కాన్పయ్యేవాళ్లు ఇళ్లలోనే ఉండిపోయి కష్టమైనవాళ్లే ఆసుపత్రికి వచ్చి ఉంటే శాతాలు కొంత పెరిగి కనబడతాయి, నిజమే. అయితే అదే పరిశోధనలో ఇంకో సంగతి ఉంది. సిబ్బంది చేతులు కడుక్కోవడం మెరుగుపడింది, నొప్పుల సమయంలో బిడ్డ గుండె చప్పుడు వినడం తగ్గింది. కరోనా భయం మనుషుల్ని ఎటు కదిలించిందో ఈ రెండు మార్పులూ చెబుతాయి.

తెలుగు నేల మీద ఆ రోజులు ఎలా గడిచాయో మనకు గుర్తే. 2020 మార్చి 25న దేశమంతా మూతపడింది. పుట్టింటికి వెళ్లాల్సిన ఆడపిల్లలు మెట్టినింట్లోనే ఆగిపోయారు. వలస కూలీల్లో నిండు గర్భిణులు రోడ్ల వెంట నడిచారు. రెడ్ జోన్ నుంచి వచ్చిన గర్భిణిని చేర్చుకోవడానికి ఆసుపత్రులు వెనకాడాయి. ఏప్రిల్‌లో జోగులాంబ గద్వాల జిల్లాకు చెందిన ఒక గర్భిణి ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి తిరిగి ప్రాణాలు కోల్పోయింది, ఆమె బిడ్డా దక్కలేదు. ఆ సంఘటన హైకోర్టు దాకా వెళ్లింది. ఇళ్ల తలుపు తట్టి బీపీ ఎంతుందో చూసిన ఆశా కార్యకర్తలు ఆ నెలల్లో ఎంతమందిని కాపాడారో ఏ పట్టికలోనూ ఉండదు.

5.2 కోట్ల కాన్పుల అధ్యయనంలో గట్టి సమాచారం ఎక్కువగా సంపన్న, ఎగువ మధ్య ఆదాయ దేశాలదే. అక్కడ వచ్చిన నాలుగు శాతాన్ని ఇక్కడా వచ్చినట్టు చెప్పుకోవడం కుదరదు. మన దగ్గర గర్భం వయసు తేల్చడమే ఒక చిక్కు. ఆఖరి నెలసరి తేదీ గుర్తుండదు, మొదటి మూడు నెలల్లో స్కానింగ్ జరగదు. దాంతో నెలలు నిండని బిడ్డకూ, నెలలు నిండినా బరువు తక్కువున్న బిడ్డకూ తేడా తెలియకుండా పోతుంది. ముందు కావలసింది ఈ తేదీ సరిగ్గా రాయడం. ప్రతి జిల్లాలో నెలలు నిండని కాన్పులనూ మృత శిశు జననాలనూ ఒకే కాగితం మీద పక్కపక్కన ప్రకటించాలి. మొదటిది తగ్గి రెండోది కూడా తగ్గితేనే అది తగ్గుదల.

ఇంటి బయటి పరిస్థితులు మారితే నెలలు నిండని కాన్పులు తగ్గుతాయనడానికి లాక్‌డౌన్ ఒక్కటే ఆధారం కాదు. బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడాన్ని నిషేధించిన చోట్ల ఏం జరిగిందో యాస్పర్ బేన్ 2014లోనే లెక్క తీశారు. నిషేధం వచ్చాక నెలలు నిండని కాన్పులు దాదాపు పది శాతం తగ్గాయి. లాక్‌డౌన్ ఇచ్చినదానికి ఇది రెండింతలకు మించి, పైగా ఎవరి బతుకుతెరువూ పోలేదు, ఏ తల్లికీ వైద్యం అందకుండా పోలేదు. మన దేశంలోనూ 2008 అక్టోబరు 2 నుంచి అలాంటి నిషేధం ఉంది. అది ఎంత అమలవుతోందో ఏ బస్టాండులో నిలబడినా తెలుస్తుంది.

విశ్రాంతి సంగతి కూడా అంతే. 2017 చట్ట సవరణతో వేతనంతో కూడిన ప్రసూతి సెలవు 26 వారాలకు పెరిగింది, అందులో ఎనిమిది వారాలు కాన్పుకు ముందే తీసుకోవచ్చు. ఈ హక్కు అందేది జీతం చీటీ ఉన్న ఉద్యోగినులకు. గుంటూరు మిరప తోటల్లో కాయలు కోసే ఆమెకో, ఆదిలాబాద్‌లో పత్తి ఏరే ఆమెకో ఎనిమిదో నెలలో పని మానితే ఆ రోజు కూలి పోయినట్టే. మాతృ వందన పథకం కింద తొలి కాన్పుకు వచ్చే 5000 రూపాయలు వాయిదాల్లో వస్తాయి, రెండు నెలల కూలికి అవి సరిపోవు. ఆఖరి ఎనిమిది వారాల కూలిని ఆమె చేతికే ఇచ్చి, వారం వారం ఆశా కార్యకర్త బీపీ చూసే ఏర్పాటును ముందు ఒక్క జిల్లాలో పెట్టి, రెండు పట్టికలూ ఏమంటున్నాయో చూడవచ్చు. దానికి మహమ్మారి రానక్కర్లేదు.