ఫ్యాను నెమ్మదించిందా, నెమ్మదించమన్నారా?

ఇంట్లో సీలింగ్ ఫ్యాను నీరసంగా తిరుగుతుంటే ఎలక్ట్రీషియన్ ఒకసారి తలెత్తి చూసి ‘కండెన్సర్ పోయింది’ అంటాడు. చాలాసార్లు ఆ మాటే నిజమవుతుంది. కంప్యూటర్ ప్రాసెసర్ మీద ఉండే ఫ్యానుకు ఇంత తేలికైన తీర్పు కుదరదు. దానికి అలాంటి కండెన్సర్ లేదు. పైగా దాని వేగం దాని చేతుల్లో లేదు, క్షణక్షణమూ మదర్‌బోర్డు, అంటే ప్రాసెసర్‌ను అమర్చిన ప్రధాన సర్క్యూట్ బోర్డు నిర్ణయిస్తుంది. ప్రాసెసర్ ఖాళీగా ఉన్నప్పుడు అది నిమిషానికి వెయ్యి చుట్లకు లోపే తిరుగుతుంటే కంగారుపడనక్కరలేదు. ముందుగా తేలవలసింది ఒక్కటే: ఫ్యాను తిరగలేకపోతోందా, నెమ్మదిగా తిరగమన్న ఆదేశాన్ని పాటిస్తోందా?

ఇది తేలాలంటే ఫ్యానునే చూస్తూ కూర్చుంటే లాభం లేదు, ప్రాసెసర్ ఉష్ణోగ్రత చూడాలి. వీడియో ఎడిటింగ్ లాంటి బరువైన పని అప్పగించి ఫ్యాను వేగం, ప్రాసెసర్ వేడి, ఈ రెండు అంకెలనూ పక్కపక్కన గమనించండి. ఫ్యాను 900 చుట్లు, వేడి 50 డిగ్రీలు అయితే క్యాబినెట్ తెరవవలసిన పని లేదు. వేడి 90 దాటినా ఫ్యాను 900 దగ్గరే ఉంటే తప్పు ఉన్నట్టే. ఫ్యాను హోరెత్తుతున్నా 90 తగ్గకపోతే అది వేరే జబ్బు. ప్రాసెసర్ వేడిని లాగే లోహపు పలకల దిమ్మను హీట్‌సింక్ అంటారు, ఆ రెంటి మధ్య వేడి దాటడానికి పూసేది థర్మల్ పేస్ట్. ఆ పేస్ట్ ఎండిపోయి ఉండవచ్చు, హీట్‌సింక్ నాలుగు మూలల్లో ఒకటి సరిగ్గా దిగకపోయి ఉండవచ్చు. వేసవి లెక్కనూ మరిచిపోకూడదు. ఏ ఫ్యానూ ప్రాసెసర్‌ను గది కంటే చల్లగా ఉంచలేదు. జనవరిలో 25 డిగ్రీలున్న గది మే నెలలో విజయవాడలో 40కి చేరితే, అదే పనికి, అదే ఫ్యాను వేగానికి ప్రాసెసర్ అంకె కూడా దాదాపు 15 పెరుగుతుంది.

నేటి ప్రాసెసర్ ఫ్యాన్లకు నాలుగు తీగలుంటాయి. ఇంటెల్ ప్రాసెసర్‌తో పాటు పెట్టెలో వచ్చే ఫ్యాన్లలో నలుపు గ్రౌండ్, పసుపు 12 వోల్టులు, ఆకుపచ్చ వేగాన్ని తెలిపేది, నీలం వేగాన్ని నిర్దేశించేది. ఫ్యాను ఒక చుట్టు తిరిగితే ఆకుపచ్చ తీగలో రెండు పల్సులు వెళతాయి. సెకనుకు 40 పల్సులు వస్తే సెకనుకు 20 చుట్లు, అంటే నిమిషానికి 1200. నీలం తీగ పని మరింత ఆసక్తికరం. అందులోని సంకేతం సెకనుకు దాదాపు 25 వేలసార్లు ఆన్, ఆఫ్ అవుతుంటుంది. ఒక్కో విడత 40 మైక్రోసెకన్లు. అందులో 16 మైక్రోసెకన్లు ఆన్‌లో ఉంటే అది 40 శాతం వేగానికి ఆదేశం. 25 వేలే ఎందుకంటే, సెకనుకు 20 వేలు దాటిన కంపనాలు మన చెవికి అందవు. అంతకు తగ్గిస్తే మోటారు సన్నగా కూత పెట్టవచ్చు.

ఏ తీగ తెగితే ఏం జరుగుతుందో తెలిస్తే సగం రోగం తెలిసినట్టే. నీలం తెగితే ఫ్యాను నెమ్మదించదు, పూర్తి వేగం అందుకుంటుంది. ఆదేశం అందకపోయినా ప్రాసెసర్ ఉడికిపోకూడదన్న ముందుచూపుతో ఇంటెల్ తన నిర్దేశాల్లోనే ఆ ఏర్పాటు చేసింది. ఆకుపచ్చ తెగితే ఫ్యాను చక్కగా తిరుగుతూనే ఉంటుంది, తెరమీద మాత్రం సున్నా కనిపిస్తుంది. కొన్ని మదర్‌బోర్డులు ‘సీపీయూ ఫ్యాన్ ఎర్రర్’ (ప్రాసెసర్ ఫ్యానులో లోపం) అని ఆగిపోతాయి కూడా. పెద్ద ఫ్యాను సహజంగానే నెమ్మదిగా తిరుగుతున్నా ఈ హెచ్చరిక రావచ్చు. అలాంటప్పుడు బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందే తెరవగలిగే మదర్‌బోర్డు అమరికల తెరలో, కనీస వేగం హద్దు కాస్త తగ్గిస్తే చాలు.

అసలు పరీక్ష కూడా బయోస్‌లోనే ఉంది. ఫ్యాను నియంత్రణను పూర్తి వేగానికి మార్చి చూడాలి. వెంటనే ఊపందుకుంటే మోటారు నిక్షేపంగా ఉన్నట్టు, తప్పు అమరికలో ఉన్నట్టు. నిశ్శబ్దంగా ఉండే అమరిక ఎవరో ఎంచుకుని మరిచిపోయి ఉంటారు. లేదా నాలుగు తీగల ఫ్యానును బోర్డు వోల్టేజీ తగ్గించి నడిపే పద్ధతిలో ఉంచి ఉంటారు. నేను మొదట అనుమానించేది మాత్రం మరొకటి: ప్రాసెసర్ ఫ్యాను కనెక్టర్‌ను క్యాబినెట్ ఫ్యాను పిన్నులకు తగిలించడం. అప్పుడది ప్రాసెసర్ వేడిని కాక బోర్డు వేడిని బట్టి తిరగవచ్చు. అలాగైతే ప్రాసెసర్ కాగిపోతున్నా దానికి పట్టదు.

పూర్తి వేగం ఆదేశించినా కదలకపోతే కరెంటు తీసి మూత తెరవాలి. రెక్కకు ఏదైనా తీగ రాసుకుంటోందేమో చూసి, వేలితో ఒక్కసారి తిప్పండి. మంచి ఫ్యాను కొన్ని చుట్లు తిరిగి మెల్లగా ఆగుతుంది. బేరింగ్ ఎండిపోయినది వేలు తీయగానే నిలబడిపోతుంది. ఒక చుక్క కుట్టుమిషన్ నూనె కొంతకాలం బతికించవచ్చు. కొబ్బరినూనె మాత్రం వద్దు, అది 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది. నిజానికి నూనెతో కుస్తీ పట్టే కంటే కొత్త ఫ్యాను కొనడమే మేలని నా అభిప్రాయం.

దుమ్ము సంగతి విడిగా చెప్పాలి. పైనుంచి చూస్తే రెక్కలు శుభ్రంగానే కనిపిస్తాయి. ఫ్యాను విప్పితే హీట్‌సింక్ పలకల మీద బూడిదరంగు దుప్పటి పరిచినట్టు దట్టమైన పొర ఉంటుంది, చాలాసార్లు గోటితో లాగితే ముక్కగా ఊడివస్తుంది. ఫ్యాను వేగం సగమైతే గాలి పరిమాణం సగమవుతుంది, గాలిని నెట్టే పీడనం మాత్రం నాలుగో వంతుకు పడిపోతుంది. మూసుకుపోయిన పలకల గుండా గాలి వెళ్లాలంటే కావలసింది ఆ పీడనమే. అందుకే దుమ్మూ, తక్కువ వేగమూ జతకూడితే నష్టం రెట్టింపును మించుతుంది. దుమ్ము ఊదేటప్పుడు రెక్కను వేలితో పట్టుకోండి. గాలికి విపరీతంగా తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది, మోటారు జనరేటరై బోర్డులోకి కరెంటు పంపే అవకాశమూ ఉంది.

2001లో టామ్స్ హార్డ్‌వేర్ వెబ్‌సైటు వారు నడుస్తున్న ప్రాసెసర్ల మీదినుంచి హీట్‌సింక్ ఊడదీసి చిత్రీకరించారు. ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ అథ్లాన్ కాలిపోయింది. ఇంటెల్ ప్రాసెసర్ పెంటియం 4 మాత్రం వేగం తగ్గించుకుని నడిచింది. ఇప్పటి ప్రాసెసర్లన్నీ వేడెక్కితే వేగాన్నీ, వోల్టేజీనీ తామే తగ్గించుకుంటాయి. కాలిపోయే భయం పోయింది, కానీ రోగం కప్పబడిపోయింది. యజమానికి కనిపించేది కంప్యూటర్ మందగించడం మాత్రమే. వైరస్ అనుకుని విండోస్ అంతా తుడిచి మళ్లీ వేయిస్తాడు, ఫ్యాను అలాగే ఉంటుంది.

కొత్తది కొనేటప్పుడు పాత ఫ్యాను వెడల్పు మిల్లీమీటర్లలో కొలుచుకోండి, నాలుగు పిన్నులదే అడగండి. హీట్‌సింక్ పైకి తీసి ఉంటే పాత పేస్ట్ పూర్తిగా తుడిచి కొత్తది పూయాలి. బిగించాక మళ్లీ అదే బరువైన పని పెట్టి ఓ పావుగంట చూడండి. వేడితో పాటు వేగమూ పెరిగి, వేడి ఒక అంకె దగ్గర నిలకడగా ఉంటే క్యాబినెట్ మూత వేసేయవచ్చు.