ప్రభువు బల్ల దగ్గర వచ్చే సందేహాలు: లూథరన్ పద్ధతుల వెనుక ఉన్న చరిత్ర

16వ శతాబ్దపు జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్ బాటలో నడిచే లూథరన్ సంఘాల ఆరాధనకు కొత్తగా వచ్చినవారికి ప్రసంగం ముగిసేదాకా పెద్దగా సందేహాలు రావు. రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభు భోజనం మొదలవగానే వరసగా వస్తాయి. ఈ రొట్టె నిజంగా క్రీస్తు శరీరమా, గుర్తు మాత్రమేనా? ఒక సంఘంలో బాప్తిస్మం పొందిన వారందరినీ రమ్మంటారు, ఇంకోచోట ముందు పాస్టరుతో మాట్లాడి రమ్మంటారు. ఎందుకు? ఈ చరిత్ర తెలియనివారు లూథరన్లను సగం క్యాథలిక్కులు, సగం ప్రొటెస్టెంట్లు అనుకుంటారు. అది పొరపాటు. ఇక్కడ కనిపించే ప్రతి పద్ధతి వెనుకా ఒక వాదం నడిచింది.

ముందు పాత్ర సంగతి. ద్రాక్షారసం ఒలికిపోతుందన్న భయంతో మధ్యయుగాల్లో సామాన్య విశ్వాసులు పాత్ర ముట్టడం క్రమంగా మానేశారు. 1415లో చర్చి పెద్దల కాన్‌స్టాన్స్ మహాసభ ఆ అలవాటును చట్టం చేసింది. అదే సభ చెక్ సంస్కర్త యాన్ హుస్‌ను కాల్చి చంపించింది. రొట్టె, పాత్ర రెండూ కావాలని ఆయన అనుచరులు బొహీమియాలో (నేటి చెక్ ప్రాంతం) యుద్ధాలే చేశారు. పాత్రను జనానికి దూరం చేయడం అన్యాయమని 1520లో లూథర్ కూడా రాశాడు.

అయినా 1521 క్రిస్మస్‌నాడు లూథర్ ఊరు విట్టెన్‌బర్గ్‌లో ఆయన సహచరుడు కార్ల్‌స్టాట్ యాజక వస్త్రాలు లేకుండా ఆరాధన జరిపి, రొట్టె, పాత్ర రెండూ జనం చేతికే ఇచ్చినప్పుడు లూథర్ సంతోషించలేదు. 1522 మార్చిలో తిరిగివచ్చి ఎనిమిది రోజులు వరుసగా ప్రసంగించాడు. చేసిన పని సరైనదే కావచ్చు, కానీ మనస్సాక్షి ఇంకా సిద్ధంకాని మనిషిని తోసుకుంటూ తీసుకుపోకూడదన్నాడు. వాక్యం బోధించండి, మార్పు దానంతట అదే వస్తుందన్నాడు. లూథరన్ పద్ధతిని అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా మంచి తాళంచెవి లేదు. కొవ్వొత్తులు, యాజక వస్త్రాలు, క్రీస్తు ప్రతిమ ఉన్న సిలువ ఇప్పటికీ ఎందుకున్నాయంటే, దేవుడు వాటిని ఆజ్ఞాపించనూ లేదు, నిషేధించనూ లేదు. ఉదయం లేవగానే, రాత్రి పడుకునే ముందు సిలువ గుర్తు వేసుకొమ్మని లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరి (విశ్వాసాన్ని ప్రశ్నలు, జవాబులుగా నేర్పే పుస్తకం) చెబుతుంది. వేసుకోకపోతే మాత్రం తప్పు పట్టరు.

సంస్కర్తల మధ్య అసలు చీలిక 1529 అక్టోబరులో మార్బుర్గ్‌లో వచ్చింది. హెస్సె ప్రభువు ఫిలిప్ లూథర్‌నూ స్విస్ సంస్కర్త జ్వింగ్లీనీ ఒక గదిలో కూర్చోబెట్టాడు. లూథర్ బల్ల మీద సుద్దముక్కతో ‘ఇది నా శరీరము’ అన్న మాటను లాటిన్‌లో రాసుకున్నాడు. దాన్ని ‘నా శరీరాన్ని సూచిస్తుంది’ అని అర్థం చేసుకోవాలని జ్వింగ్లీ పట్టుబట్టాడు. 15 అంశాల్లో 14 కుదిరాయి. చివరిదానిలోనూ చాలా భాగం కుదిరింది. క్రీస్తు శరీరం అక్కడ నిజంగా ఉందా అన్న ఒక్కదాని దగ్గరే ఆగిపోయారు. మరుసటి ఏడు లూథరన్ల విశ్వాసాన్ని చెప్పే ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం పదో అంశంలో లూథరన్ జవాబు స్థిరపడింది: క్రీస్తు శరీర రక్తాలు నిజంగా ఉన్నాయి, తీసుకునేవారికి అందుతున్నాయి. రొట్టె రొట్టెగానే ఉంటుంది. ఎలా జరుగుతుందన్న దానికి తత్వశాస్త్ర వివరణ ఇవ్వరు, వాగ్దానం దగ్గరే ఆగుతారు.

అందుతున్నది అంత గొప్పది గనక, ఎవరు రావాలన్న ప్రశ్న తప్పలేదు. ప్రభు భోజనం కోరేవారు ముందుగా పాస్టరుకు చెప్పాలని 1523లో లూథర్ రాశాడు. జర్మనీలో చాలాకాలం శనివారం సాయంత్రం పాపాల ఒప్పుకోలు చెప్పి, క్షమాపణ మాట విని, ఆదివారం బల్లకు వచ్చేవారు. తర్వాత్తర్వాత ఆరాధన మొదట్లో అందరూ కలిసి చెప్పే ఒప్పుకోలు ఆ స్థానంలోకి వచ్చింది. 1817లో ప్రష్యా (జర్మన్ రాజ్యం) రాజు లూథరన్ సంఘాలనూ, జ్వింగ్లీ, కాల్విన్ బాటలోని రిఫార్మ్‌డ్ సంఘాలనూ కలిపేసినప్పుడు, బల్ల విషయంలో రాజీపడలేని కొందరు 1838 నుంచి ఆస్ట్రేలియాకు తరలిపోయారు. అలాంటి వారసత్వం ఉన్న సంఘాలు ఇప్పటికీ ఒకే విశ్వాసం ఒప్పుకున్నవారికే బల్ల తెరుస్తాయి. యూరప్‌లో మాత్రం 1973 లాయెన్‌బర్గ్ ఒప్పందంతో లూథరన్, రిఫార్మ్‌డ్ సంఘాలు ఒకరి బల్లకు ఒకరు వస్తున్నారు. కొత్తవారు ఆరాధనకు ముందే పాస్టరును అడగడం మంచిది, వరుసలోకి వచ్చాక అడిగితే ఇద్దరికీ ఇబ్బంది. తీసుకోనివారు కూర్చునే ఉండొచ్చు. చాలాచోట్ల చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని వెళితే ఆశీర్వాదం ఇస్తారు. గోధుమ పడనివారు, మద్యం ముట్టకూడనివారు ముందే చెబితే వేరే ఏర్పాటు చేసే సంఘాలు చాలా ఉన్నాయి.

బాప్తిస్మం దగ్గర లెక్క వేరు. అది మనిషి తీర్మానం కాదు, దేవుడు చేసే పని అని నమ్ముతారు కాబట్టి పసివారికీ ఇస్తారు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో నీళ్లతో ఒకసారి పొందినవారికి మళ్లీ ఇవ్వరు. నీళ్లు ఎన్ని అన్నది ముఖ్యం కాదు. పిల్లలు ప్రశ్నోత్తరి నేర్చుకుని, కన్ఫర్మేషన్ (తమ విశ్వాసాన్ని తామే సంఘం ముందు ఒప్పుకునే ఆరాధన) అయ్యాక బల్లకు రావడం తర్వాత స్థిరపడిన అలవాటు. 1539లో హెస్సెలో సంస్కర్త బుట్సర్ సాయంతో దానికి క్రమం ఏర్పడింది, విస్తృతంగా వ్యాపించింది 18వ శతాబ్దంలో. ఇప్పుడు చాలా సంఘాలు అంతకన్నా ముందే పిల్లలను రానిస్తున్నాయి.

నాకు అర్హత లేదేమో అని వెనక్కి తగ్గేవారు ఎప్పుడూ ఉన్నారు. అయోగ్యంగా తిని తాగకూడదని కొరింథీయులకు పౌలు రాసిన హెచ్చరిక వారిని భయపెడుతుంది. ఆయన మందలించింది పేదలు ఆకలితో ఉండగా తాము ముందే తిని తాగేసినవారిని. ఉపవాసం మంచి క్రమశిక్షణే, కానీ ‘మీ కొరకు’ అన్న మాటను నమ్మినవాడే నిజంగా సిద్ధపడినవాడని చిన్న ప్రశ్నోత్తరి చెబుతుంది. పూర్తిగా పవిత్రుడయ్యాకే వస్తానంటే ఎన్నటికీ రాలేవని పెద్ద ప్రశ్నోత్తరిలో లూథర్ రాశాడు. అందుకే రొట్టె ఇస్తూ చాలామంది పాస్టర్లు ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెబుతారు: ‘నీ కొరకు ఇయ్యబడిన క్రీస్తు శరీరము.’