ఎండకు ఆగే బండి: పాయింట్ల నుంచి క్రాంక్ సెన్సర్ దాకా

మే నెలలో కర్నూలు, కడప షెడ్లకు తరచూ వచ్చే ఫిర్యాదు ఇది: కారు నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంది, అరగంట నీడన పెడితే మళ్లీ స్టార్టవుతుంది. చాలామంది ముందు పెట్రోల్ పంపు మార్పిస్తారు. డబ్బు పోతుంది, జబ్బు పోదు. అసలు దోషి చాలాసార్లు క్రాంక్ సెన్సర్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు (క్రాంక్) ఎక్కడుందో చూసే పరికరం.

అంబాసిడర్, పద్మిని రోజుల్లో స్పార్క్ ఎప్పుడు పడాలో డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు (తెరుచుకుంటూ మూసుకునే చిన్న స్విచ్) తేల్చేవి. వాటి గ్యాప్ సుమారు 0.4 నుంచి 0.5 మి.మీ. అరిగేకొద్దీ గ్యాప్ తగ్గి టైమింగ్ వెనకబడేది, బండి లాగేది కాదు. ఫీలర్ గేజి (గ్యాప్ కొలిచే రేకులు), ఎమరీ పేపర్ ఉంటే రోడ్డు పక్కనే సరిచేసేవారు. పెట్రోల్ లెక్క కార్బురేటర్‌ది. పిస్టన్ ఎక్కడుందో దానికి తెలియనక్కర్లేదు.

కార్బురేటర్ బదులు పెట్రోల్‌ను కొలిచి చిమ్మే ఇంజెక్షన్‌కు మాత్రం తెలియాలి. 1979లో బాష్ తెచ్చిన మోట్రానిక్, స్పార్క్‌నూ ఇంజెక్షన్‌నూ ఒకే కంప్యూటర్‌కు అప్పగించింది. మన దేశంలో ఈ మార్పును తెచ్చింది పొగ నిబంధనలు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 (భారత్ స్టేజ్ 6) నిబంధన రావడంతో బైకులూ ఈ దారిలోకి వచ్చాయి.

ఎక్కువగా కనిపించే క్రాంక్ చక్రంలో 60 పళ్లకు చోటుంటుంది, రెండు ఉండవు. ఒక్కో పన్ను దాటినప్పుడల్లా క్రాంక్ సెన్సర్ కంప్యూటర్‌కు ఒక పల్స్ (కరెంటు సంకేతం) పంపుతుంది. ఆ ఖాళీయే గుర్తు. పన్నుకు 6 డిగ్రీలు. 3000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) వేగంలో ఒక్కో పన్ను సెకనులో మూడు వేలవ వంతులో దాటుతుంది. నాలుగు స్ట్రోకులకు క్రాంక్ రెండు చుట్లు తిరుగుతుంది కాబట్టి, ఏ చుట్టులో ఉన్నామో క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) సెన్సర్ చెబుతుంది.

రెండు వైర్ల క్రాంక్ సెన్సర్‌లో సన్నటి కాయిల్ తీగ వేడికి సాగి తెగినట్టవుతుంది, చల్లారితే కలుస్తుంది. పల్స్ ఆగగానే కంప్యూటర్ స్పార్క్‌ను, ఇంజెక్షన్‌ను, పంపు రిలేను కూడా ఆపేస్తుంది. పంపు మీద నింద పడేది ఇందుకే.

పరీక్ష బండి ఆగిన వేడిలోనే చేయాలి. స్టార్టర్ తిప్పుతుంటే బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్‌లో ఆర్‌పీఎం సున్నా చూపితే సెన్సర్‌నో దాని వైరింగ్‌నో అనుమానించాలి. రెండు వైర్లదైతే ఓమ్స్ (కాయిల్ నిరోధం) కొలవండి. చాలావాటికి 500 నుంచి 1500 మధ్య ఉంటుంది, మీ మోడల్ మాన్యువల్ అంకెదే తుదిమాట. మూడు వైర్ల హాల్ సెన్సర్‌కు (కాయిల్ బదులు అయస్కాంతాన్ని పసిగట్టే చిప్పు ఉన్నది) ఓమ్స్ పరీక్ష పనికిరాదు. సప్లై, ఎర్త్, సిగ్నల్ చూడాలి. కొత్తది కొనేముందు పాతది విప్పి మొనకు అంటిన ఇనుప పొడి తుడవండి, సైలెన్సర్ వేడికి పెళుసెక్కిన వైర్లను వంచి చూడండి.