పన్ను పుచ్చుతుందని కంప్యూటర్ ముందే చెప్పగలదా? అపోహలు - వాస్తవాలు

అపోహ: ఎక్స్‌రేలో పిప్పిని గుర్తించే సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు, రాబోయే పిప్పినీ అదే చెప్పేస్తుంది.

ఇవి రెండు వేర్వేరు పనులు. ఎక్స్‌రే మీద రంగు గడి గీసే న్యూరల్ నెట్‌వర్క్ (పాత ఉదాహరణల నుంచి నేర్చుకునే ప్రోగ్రామ్) ఈరోజు ఉన్న పుచ్చును చూపిస్తుంది, అంతే. ముందస్తు అంచనా నేర్పాలంటే ఒకే మనిషి నోటిని రెండుసార్లు, 12 లేదా 24 నెలల తేడాతో, ఒకే కొలమానంతో పరీక్షించిన రికార్డు కావాలి. మన క్లినిక్‌లలో అలాంటి డేటా అరుదు. మార్కెట్లో ఎక్కువగా దొరికేది మొదటి రకమే. డెమో చూపించే వాళ్లను "ఇది ఎన్ని నెలల తర్వాతి సంగతి చెబుతుంది?" అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే అది గుర్తింపు సాఫ్ట్‌వేరే.

గుర్తింపులోనూ తప్పులు ఉంటాయి. బైట్‌వింగ్ ఎక్స్‌రేలో (పై, కింది వెనక పళ్లను కలిపి చూపేది) చిగురు దగ్గర పన్ను మెడ సహజంగానే కొంచెం నల్లగా పడుతుంది. దాన్ని నెట్‌వర్క్ పుచ్చు అనుకోవచ్చు. కిరణం కోణం తప్పి పక్కపక్క పళ్లు ఒకదానిమీద ఒకటి పడితే, అసలు పుచ్చే కనిపించకుండా పోతుంది.

అపోహ: డేటా ఎంత ఎక్కువైతే అంచనా అంత బాగుంటుంది.

ఎన్ని రికార్డులున్నాయన్న దానికంటే, అవి ఎలా నమోదయ్యాయన్నదే ముఖ్యం. తరచూ దెబ్బతీసేవి ఇవి:

ఒకే నోటిలోని 28 పళ్లలో కొన్ని నెట్‌వర్క్‌కు నేర్పడానికి, కొన్ని దాన్ని పరీక్షించడానికి వెళ్తే అది ఆ మనిషిని గుర్తుపట్టేస్తుంది. ఫలితాలు కాగితం మీద అద్భుతంగా ఉంటాయి, కొత్త పేషెంట్ దగ్గర బోర్లా పడతాయి. విభజన ఎప్పుడూ మనిషి వారీగానే చేయాలి, పన్ను వారీగా కాదు.

"ఫిల్లింగ్ చేశారు" అన్న ఎంట్రీని "పుచ్చింది" అని లేబుల్ చేయడం మరో పొరపాటు. ఒక డాక్టర్ ఫిల్లింగ్ చేసే దశలో ఇంకొకరు ఫ్లోరైడ్ పూసి వేచి చూస్తారు. అలాంటి లేబుళ్లతో నెట్‌వర్క్ నేర్చుకునేది డాక్టర్ అలవాటునే.

ఇంకా చిత్రమైనది వార్నిష్ సంగతి. రిస్క్ ఎక్కువ అనిపించిన పిల్లలకే డాక్టర్లు ఫ్లోరైడ్ వార్నిష్ (పళ్లకు పూసే రక్షణ పూత) వేస్తారు కాబట్టి, వార్నిష్ వేసినవాళ్లకే పళ్లు పుచ్చుతున్నాయని నెట్‌వర్క్ నేర్చుకుంటుంది. దాన్ని ఇన్‌పుట్‌లో పెట్టి, పైగా "వార్నిష్ మానేస్తే రిస్క్ తగ్గుతుందా?" అని అడిగితే అవునంటుంది.

తిరిగి రానివాళ్లను "పుచ్చు రాలేదు" అని రాసుకోవద్దు. వాళ్ల సంగతి తెలియదు, అంతే. మన దగ్గర నొప్పి వస్తేనే మళ్లీ వచ్చేవాళ్లు ఎక్కువ కాబట్టి ఈ ఒక్క తప్పే అంచనా మొత్తాన్ని వంకర చేస్తుంది.

అపోహ: 80 శాతం కచ్చితత్వం అంటే పది మందిలో ఎనిమిది మందికి పనికొస్తుంది.

లెక్క వేసి చూడండి. 1000 మంది పిల్లల్లో వచ్చే ఏడాది 200 మందికి కొత్త పుచ్చు వస్తుందనుకుందాం. నెట్‌వర్క్ వాళ్లలో 80 శాతాన్ని పట్టుకుంటుంది, పుచ్చు రానివాళ్లలో 80 శాతాన్ని సరిగ్గా వదిలేస్తుంది. అంటే 160 మంది దొరుకుతారు, 40 మంది జారిపోతారు, అనవసరంగా మరో 160 మందికి "రిస్క్" ముద్ర పడుతుంది. ముద్ర పడిన 320 మందిలో సగం మందికి ఏమీ రాదు. ఏ యంత్రమూ లేకుండా "ఎవరికీ రాదు" అని గుడ్డిగా చెప్పినా కచ్చితత్వం అదే 80 శాతం. కాబట్టి కచ్చితత్వం కాదు, ఎంతమందిని పట్టుకుంది, ఎంతమందిని ఊరికే భయపెట్టింది అని అడగాలి.

అపోహ: తెర మీద 70 శాతం అని కనిపిస్తే అవకాశం 70 శాతమే.

పుచ్చు వచ్చినవాళ్లు తక్కువగా ఉంటారని శిక్షణలో రెండు వర్గాలనూ సగం సగం చేయడం మామూలు. అసలు 20 శాతం ఉన్నదాన్ని 50 చేసి నేర్పి, సరిదిద్దకుండా వదిలేస్తే, తెర మీది 50 నిజానికి 20, తెర మీది 70 నిజానికి సుమారు 37. మీ పేషెంట్లలో 20 నుంచి 30 శాతం అంచనా వచ్చినవాళ్లను ఒక గుంపుగా తీసి, ఏడాది తర్వాత ఎంతమందికి వచ్చిందో చూడండి. గుంపు గుంపుకీ ఇలా సరిపోల్చి చూశాకే ఆ శాతాన్ని పేషెంట్‌కి చెప్పాలి.

అపోహ: బ్యాక్టీరియా పరీక్షలు, జన్యు పరీక్షలు లేకుండా అంచనా కుదరదు.

ఇప్పటికే పుచ్చిన, ఫిల్లింగ్ చేసిన పళ్ల లెక్కను మించిన సూచిక దొరకడం కష్టం. ఇబ్బందల్లా ఒక్క పన్నూ పుచ్చని పసిపిల్లలతోనే. అంచనా ఎక్కువ అవసరమైన చోటే ఈ సూచిక చేతికి రాదు. అక్కడ పై ముందు పళ్ల మీద కంటికి కనిపించే పాచి, రాత్రి పాలసీసా, తల్లి పళ్ల స్థితి నమోదు చేయాలి.

ప్రశ్న అడిగే తీరు కూడా ముఖ్యమే. "తీపి ఎన్నిసార్లు తింటారు?" అంటే చక్కెర వేసిన టీని ఎవరూ లెక్కలో చెప్పరు. టీ, బిస్కెట్, చాక్లెట్, దగ్గు సిరప్ విడివిడిగా అడగండి. పరిమాణం కంటే ఎన్నిసార్లన్నదే ఎక్కువ తేడా చూపుతుంది. పెద్దవాళ్లలో లాలాజలం కొలవడం ఖర్చులేని పని: ఏమీ నమలకుండా 5 నిమిషాలు గ్లాసులో ఉమ్మించి కొలిస్తే, నిమిషానికి 0.1 మిల్లీలీటరు కంటే తక్కువైతే నోరు ఎండుతున్నట్టే.

ఇలాంటి పట్టిక డేటా మీద మామూలు లాజిస్టిక్ రిగ్రెషన్ (ఒక్కో సూచికకు ఇంత బరువని కలిపి అవకాశం చెప్పే పాత గణాంక పద్ధతి) చాలాసార్లు న్యూరల్ నెట్‌వర్క్‌తో సమానంగా నిలబడుతుంది. ముందు దాన్నే పెట్టి చూడండి.

అపోహ: విదేశంలో పరీక్షించింది కాబట్టి ఇక్కడా పనిచేస్తుంది.

నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ (నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే సమస్య) పళ్ల మీద సుద్ద రంగు మచ్చలుంటాయి. ఫోటో చూసే నెట్‌వర్క్ అలాంటి పళ్లను ఎప్పుడూ చూడకపోతే వాటిని తొలిదశ పుచ్చు అంటుంది. ఫ్లోరోసిస్ మచ్చ సాధారణంగా రెండు వైపులా ఒకే జత పళ్ల మీద ఉంటుంది, తొలి పుచ్చు పాచి నిలిచే చిగురు అంచున వస్తుంది. ఫోన్ ఫోటోలకు ఇంకో పరిమితి ఉంది: మొట్టమొదటి దశ మచ్చ పన్నును 5 సెకన్లు గాలితో ఆరబెడితేనే కనిపిస్తుంది. తడి పన్ను ఫోటోలో అది ఉండదు.

అపోహ: రిస్క్ ఎక్కువని వస్తే ముందుజాగ్రత్తగా ఫిల్లింగ్ చేయించుకోవాలి.

వద్దు. అంచనా శాతం చూసి పన్నును డ్రిల్ చేయకూడదు. ఆ అంకె ఉపయోగపడేది మళ్లీ ఎప్పుడు రావాలో నిర్ణయించడానికి: రిస్క్ ఎక్కువైతే 3 నెలలకు, తక్కువైతే ఏడాదికి. ఎక్కువ ఉన్నవాళ్లకు 22,600 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) ఫ్లోరైడ్ వార్నిష్, కొత్తగా వచ్చిన దవడ పళ్ల గాడులకు సీలెంట్ (గాడిని మూసే పూత), రాత్రి పడుకునే ముందు ఫ్లోరైడ్ పేస్టుతో బ్రష్. అంచనా తప్పయినా వీటివల్ల పన్నుకు నష్టం లేదు. ఒకసారి డ్రిల్ చేసిన ఎనామిల్ మాత్రం తిరిగి పెరగదు.