బాబ్ మార్లే పాటలు ఎవరివి? దశాబ్దాలు సాగిన పేచీ వెనక కథ

1981 మే 11న మయామీలో జమైకా రెగ్గే గాయకుడు బాబ్ మార్లే క్యాన్సర్‌తో చనిపోయేనాటికి వయసు 36, పిల్లలు 11 మంది, వీలునామా లేదు. తర్వాత నడిచిన కోర్టు కేసులన్నిటికీ అదే కారణం అంటుంటారు కానీ, నన్నడిగితే ఆ పేచీ ఆయన పాడటం మొదలుపెట్టిన రోజుల్లోనే పుట్టింది.

జమైకాలోని నైన్ మైల్ అనే పల్లెలో పుట్టి, చిన్నప్పుడే తల్లితో కింగ్‌స్టన్‌లోని ట్రెంచ్‌టౌన్ పేదల వాడకు చేరిన మార్లే, అక్కడ పీటర్ టోష్, బన్నీ లివింగ్‌స్టన్‌లతో కలిసి వైలర్స్ బృందం కట్టాడు. అక్కడి రికార్డింగు కంపెనీ స్టూడియో వన్‌లో పాడిన 'సిమ్మర్ డౌన్' జమైకా అంతా మోగిపోయింది. అయినా చేతికొచ్చింది కొద్దిపాటి వారం జీతమే, ఎందుకంటే అప్పట్లో అక్కడ రికార్డు ఎంత అమ్ముడైనా లాభం ప్రొడ్యూసర్‌దే. హిట్లిచ్చిన గాయకుడు 1966లో అమెరికా వెళ్లి కార్ల ఫ్యాక్టరీలో పని చేయాల్సొచ్చింది!

1968 ప్రాంతంలో పాటల హక్కులు డానీ సిమ్స్ అనే సంగీత వ్యాపారికి చెందిన కేమన్ మ్యూజిక్ కంపెనీకి రాసిచ్చాడు. ఐలాండ్ రికార్డ్స్ కంపెనీ యజమాని క్రిస్ బ్లాక్‌వెల్ 1972లో 4,000 పౌండ్లు అడ్వాన్స్ ఇచ్చి, మరుసటి ఏడాది 'క్యాచ్ ఎ ఫైర్' ఆల్బమ్ తెచ్చాక ప్రపంచానికి మార్లే తెలిశాడు, కానీ పాత ఒప్పందం మెడకు చుట్టుకునే ఉంది. దాన్ని తప్పించుకోవడానికి కొత్త పాటల్ని తెలిసినవాళ్ల పేర్ల మీద వేయించాడు. 1974 నాటి 'నో ఉమన్ నో క్రై' కూడా రికార్డుల్లో విన్సెంట్ ఫోర్డ్ పేరనే ఉంది. ట్రెంచ్‌టౌన్‌లో ఆకలితో వచ్చిన పిల్లలకు వండిపెట్టిన మనిషి ఆయన, ఒకప్పుడు మార్లే తిన్నదీ ఆ ఇంట్లోనే. ఆ రాయల్టీ ఆయనకు చేరిందంటే నాకు చాలా సంతోషం, చట్టం ఏమన్నా సరే.

వీలునామా లేకపోవడంతో జమైకా చట్టం ప్రకారం భార్య రీటాకు ఆస్తిలో 10 శాతం సొంతంగానూ, మరో 45 శాతం మీద బతికున్నంతకాలం అనుభవించే హక్కూ, మిగతాది పిల్లలకూ రావాలి. రీటా మాత్రం లాయరు, అకౌంటెంటు సలహాతో పాత తేదీల పత్రాల మీద భర్త సంతకం పెట్టింది, అది బయటపడి ఆస్తి నిర్వహణ పోగొట్టుకుంది. ఆ తర్వాత ఆస్తి అమ్మకం గొడవ లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కెక్కింది. ఒకప్పుడు మన జమీందారీ దావాలు వెళ్లిన ప్రివీ కౌన్సిలే, జమైకా కేసుల్లో ఇప్పటికీ ఆఖరి మాట దానిదే.

చివరికి ఆస్తి కుటుంబానికి దక్కింది కానీ అన్నీ దక్కలేదు. 1973-77 మధ్య వచ్చిన ఐదు ఆల్బమ్‌ల రికార్డింగులు ఐలాండ్‌ను తర్వాత సొంతం చేసుకున్న యూనివర్సల్ కంపెనీవేనని 2010లో అమెరికా కోర్టు తేల్చింది. 'నో ఉమన్ నో క్రై' సహా 13 పాటల కోసం కేమన్ వేసిన దావా 2014లో లండన్ హైకోర్టులో ఓడిపోయింది, హక్కులు ఐలాండ్ వైపు నుంచి వచ్చిన బ్లూ మౌంటెన్ మ్యూజిక్‌కే ఉండిపోయాయి. టీ షర్టుల మీద తండ్రి బొమ్మ అనుమతి లేకుండా వేసినవాళ్ల మీద మాత్రం 2015లో అమెరికా అప్పీలు కోర్టులో పిల్లల కంపెనీయే గెలిచింది.