పాత రేజర్ పిడి: కాల్చిన సూది పక్కన పెట్టండి

పాత స్ట్రెయిట్ రేజర్లు, అంటే బ్లేడు పిడిలోకి మడిచే గడ్డం కత్తులు బాగుచేయడం నా పని. బ్లేడు తుప్పు గురించి అందరూ అడుగుతారు. పిడి దేనితో చేశారని అడిగేవాళ్లు తక్కువ. కానీ ఎక్కువగా పాడయ్యేది అదే, అదీ బాగుచేసేవాళ్ల చేతుల్లోనే.

అపోహ: కాల్చిన సూది గుచ్చితే ఏ పదార్థమో తేలిపోతుంది.

దయచేసి ఈ పని చేయకండి. పిడి సెల్యులాయిడ్‌దైతే ప్రమాదం. సెల్యులాయిడ్ అంటే నైట్రో సెల్యులోజ్ అనే రసాయనం, కర్పూరం కలిపి చేసిన ప్లాస్టిక్. నిప్పు తగిలితే భగ్గున అంటుకుంటుంది. అంటుకోకపోయినా సూది చేసిన మచ్చ మాత్రం పోదు.

దానికి బదులు పిడిని బొటనవేలితో అర నిమిషం గట్టిగా రుద్ది, వెంటనే ముక్కు దగ్గర పెట్టుకోండి. కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడ్. గంధకం వాసన వస్తే ఎబొనైట్, అంటే గంధకంతో గట్టిపరిచిన రబ్బరు. ఏ వాసనా రాకపోతే భూతద్దం, టార్చి తీయండి. నల్ల పిడి అంచు వెనక టార్చి పెట్టినప్పుడు తేనెరంగు వెలుగు కనిపిస్తే అది చాలావరకు పశువు కొమ్ముతో చేసిందే. ఎబొనైట్‌లోంచి వెలుగు రాదు. పైగా ఎండ తగిలిన వైపు గోధుమ, ఆకుపచ్చ కలిసిన రంగుకు తిరిగి ఉంటుంది.

అపోహ: తెల్లగా, గీతలతో ఉంటే ఏనుగు దంతం.

నా దగ్గరికి "దంతం" అని వచ్చేవాటిలో చాలావరకు సెల్యులాయిడే. గీతలు చూడండి. స్కేలు పెట్టి గీసినట్టు సమాన దూరంలో, పిడి పొడవునా ఒకేలా ఉంటే అది సెల్యులాయిడ్ నకలు. అసలు దంతంలో గీతలు ఒకచోట దగ్గరగా, ఇంకోచోట ఎడంగా, కాస్త వంకర పోతూ ఉంటాయి. అడ్డంగా కోసిన చివర ఒకదాన్నొకటి దాటే సన్న గీతల వల కనిపించవచ్చు. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంలో నల్లటి చిన్న చుక్కలు, పొట్టి చారలు కనిపిస్తే ఎముక. ఒకప్పుడు రక్తనాళాలు వెళ్లిన దారులు అవి.

ఇంకో ఆధారం కాలం. సెల్యులాయిడ్‌కు అమెరికాలో హయట్ సోదరులు పేటెంట్ పొందింది 1870లో. 1840ల నాటి బ్లేడుకు సెల్యులాయిడ్ పిడి ఉందంటే, అది తర్వాత ఎవరో మార్చింది.

అపోహ: బ్లేడు తుప్పు పట్టిందంటే తడి తగిలినట్టే.

ఇది నాకు బాగా బాధ కలిగించిన పాఠం. మొదట్లో తాబేలు డిప్ప రంగు సెల్యులాయిడ్ రేజర్ ఒకదాన్ని మిగతావాటితో కలిపి మూత బిగుతుగా ఉన్న పెట్టెలో ఉంచాను. కొన్ని నెలల తర్వాత తెరిస్తే ఘాటు వాసన. మడిచినప్పుడు బ్లేడులో ఎంత భాగం పిడి లోపల ఉంటుందో, సరిగ్గా అంతవరకే తుప్పు గుంటలు పడ్డాయి. పక్కనున్న మంచి బ్లేడు కూడా మచ్చలు పడింది. సెల్యులాయిడ్ కుళ్లినప్పుడు వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు గాలిలోని తేమతో కలిసి నైట్రిక్ ఆమ్లంగా మారతాయి. ఆ ఆమ్లం పిడినీ మరింత త్వరగా కుళ్లబెడుతుంది. దీన్ని ఆపే పాలిష్ ఏదీ లేదు. పిడి మీద సన్నటి పగుళ్ల వల, పిడిని బిగించే రివెట్ల (చిన్న లోహపు మేకుల) చుట్టూ ఆకుపచ్చ చిలుము కనిపిస్తే ఆ రోజే బ్లేడు విడదీసి, పిడిని గాలి ఆడేచోట వేరుగా పెట్టండి. పారదర్శకంగా ఉండే రకాలు త్వరగా పోతాయి. తెల్లవాటిలో తరచూ జింక్ ఆక్సైడ్ కలుపుతారు కాబట్టి ఎక్కువకాలం నిలుస్తాయి.

అపోహ: ఏ పిడికైనా నూనె రాస్తే కొత్తదవుతుంది.

ఎండిన కొమ్ముకు మాత్రమే. పశువుల కాళ్ల నుంచి తీసే నీట్స్‌ఫుట్ నూనెలో ఒకటి రెండు రోజులు ఉంచితే పొరలు కాస్త మెత్తబడి రంగు తేరుతుంది. పురుగు తిన్న గుంటలు పూడ్చాలంటే నూనెకు ముందే పూడ్చండి, తర్వాత జిగురు పట్టదు. దంతం, ఎముక నూనె పీల్చి పచ్చబడతాయి, నీళ్లలో నానితే వంకర పోతాయి. ఎబొనైట్‌ను నీళ్లలో నానబెడితే రంగు ఇంకా పాలిపోతుంది. సెల్యులాయిడ్‌కు అసిటోన్ తగలనివ్వకండి, పైపొర కరిగిపోతుంది.

అపోహ: రివెట్ ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచిది.

పాత కొమ్ము అక్కడే చీలుతుంది. కొత్త రివెట్‌కు సుమారు 1.6 మిల్లీమీటర్ల మందం ఇత్తడి తీగ, చిన్న సుత్తి, చాలా తేలికైన దెబ్బలు చాలు. బ్లేడు పక్కలకు ఊగడం ఆగగానే సుత్తి దించేయాలి. విప్పేటప్పుడు రెండు పిడి ముక్కల మధ్య, చివర సందులో ఇరికించి ఉండే చిన్న ముక్కను చూడండి. బూడిదరంగులో, మెత్తగా, తెల్లటి పొడి రాలుతూ ఉంటే అది సీసం. దాన్ని పొడిగా రుద్దకండి, తడిగుడ్డతో తుడిచి చేతులు కడుక్కోండి.