బ్యాలే డ్యాన్సర్ల టెన్షన్‌లో అద్దం వాటా

“బ్యాలే చేసేవాళ్ళు చిన్న తప్పుకే కుమిలిపోతారు, మోడర్న్ డ్యాన్సర్లు ఎవరి మాటా వినరు అంటారు. నిజమేనా?” అని ఒక పాఠకురాలు అడిగారు. తమాషా ఏమిటంటే, డ్యాన్సర్లలో చాలామంది తమ గురించి తామే ఇలా చెప్పుకుంటారు.

ఒప్పుకున్నంత మాత్రాన అది రుజువైపోదు. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 39 మంది విద్యార్థులకు పరీక్ష పెట్టి, “మీ వ్యక్తిత్వం ఇదీ” అంటూ అందరికీ ఒకే కాగితం పంచాడు. అందులోవి ఎక్కువగా జ్యోతిషం పుస్తకంలోంచి ఏరిన వాక్యాలు. కచ్చితత్వానికి వాళ్ళు వేసిన మార్కుల సగటు 5కి 4.3! రాశిఫలాలు బతికేది కూడా ఈ కిటుకు మీదే.

నన్ను లాగేది మాత్రం క్లాసులో గోడంతా పరుచుకున్న అద్దం. మన దృష్టి మన మీదికి మళ్ళితే ‘ఎలా ఉన్నాను’ దగ్గర ఆగదు, ‘ఎలా ఉండాలి’తో పోలిక మొదలవుతుందని డువల్, విక్‌లండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1972లో ప్రతిపాదించారు. తేడా కనిపిస్తే మనసుకు ఇబ్బంది. దాన్ని తగ్గించుకోవాలి, లేదా అద్దం ముందు నుంచి తప్పుకోవాలి. క్లాసు మధ్యలో ఎక్కడికి తప్పుకుంటారు?

తగ్గించుకోవడమూ అంత తేలిక కాదు. బ్యాలేలో ‘ఎలా ఉండాలి’ అన్నది ముందే ఖరారైపోయింది. పాదాలకు ఐదు స్థానాలు. రెండు పాదాలూ పక్కలకు తిరిగి ఒకే గీత మీదికి రావాలి, అంటే 180 డిగ్రీల టర్నౌట్. అది ముఖ్యంగా తుంటి కీలు నుంచి రావాలి. తొడ ఎముక తల కూర్చునే ఆ కీలు గిన్నె ఎటు తిరిగి ఉంది, తొడ ఎముక మెడ ఎంత మెలితిరిగి ఉంది అన్నది సాధనతో పెద్దగా మారదు. ఎన్నేళ్ళు చేసినా కొందరికి కొన్ని డిగ్రీలు మిగిలిపోతాయి. అద్దం రోజూ ఆ మిగిలిన డిగ్రీలనే చూపిస్తుంది. అలా పెరిగిన అమ్మాయిని “మీరు లోపాలను భరించలేరా?” అని అడిగితే ఔననక ఏమంటుంది? ఆ జవాబును మనం ‘స్వభావం’ కింద రాసుకుంటాం.

ఈ అలవాటు క్లాసు మానేసినా పోయేలా లేదు. టిగ్‌మన్, స్లేటర్ అనే పరిశోధకులు 2001లో ఒకప్పుడు బ్యాలే నేర్చుకున్న స్త్రీలను పరిశీలిస్తే, తమ శరీరాన్ని బయటివాళ్ళ కళ్ళతో చూసుకోవడం వాళ్ళలోనే ఎక్కువగా కనిపించింది.

మోడర్న్ సంగతి? మోడర్న్ డ్యాన్స్‌కు బాట వేసినవాళ్ళలో ఒకరైన మార్తా గ్రాహం పద్ధతిలో కదలిక కటి భాగంలో, ఊపిరి వదలడంతో పాటు వచ్చే బిగింపుతో మొదలవుతుంది. అది కుదిరిందో లేదో ముందు లోపల తెలియాలి. అలాగని ఆ క్లాసులో ఎవరిష్టం వాళ్ళది అనుకుంటే పొరపాటే, క్రమశిక్షణలో బ్యాలేకు ఏమీ తీసిపోదు.

అయితే అద్దమే మనిషిని అలా మార్చిందా, అలాంటివాళ్ళే బ్యాలేకు వస్తారా? మానేసినవాళ్ళను అడిగితే ఇది తేలదు. అద్దం ఉన్న క్లాసునూ లేని క్లాసునూ పక్కపక్కన పెట్టి చూడాలి. శాలీ రాడెల్ బృందం కాలేజీ బ్యాలే విద్యార్థినులతో ఆ పని చేసింది. వాళ్ళు కొలిచింది స్వభావాన్ని కాదు, నాట్యాన్ని. నిదానంగా సాగే అడాజియోలో అద్దం లేని క్లాసువాళ్ళే ఎక్కువ మెరుగుపడ్డారు. టీచర్లకు ఈ మాట అంతగా రుచించకపోవచ్చు, వెనక వరసలను ఒక్క చూపులో గమనించడానికి వాళ్ళకూ ఆ అద్దమే ఆధారం.